మేస్త్రి చూసిన ఆఖరి పట్టుబడి

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు, ముఖ్యంగా అమ్మాయిలు, తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ సగంలో ఉండగా ఒక ప్రశ్న అడుగుతారు. పెంపుడు కుక్కకు నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు మీరెలా తట్టుకునేవారు మేడం అని. నేనేదో కళ్ళు మూసుకుని గంభీరంగా జవాబు చెప్తానని వాళ్ళు ఎదురుచూస్తున్నట్టు మొహాల్లోనే కనిపిస్తుంది. నాకు గంభీరం చేతకాదు. నా సర్వీసు మొత్తం మీద అన్నిటికన్నా హుషారుగా గడిచిన రోజేదంటే, ఒక కుక్కకు ఆ ఇంజెక్షన్ ఇచ్చిన రోజే అని చెప్తాను. కాఫీ కప్పులు అక్కడే ఆగిపోతాయి. ఇక కథంతా చెప్పక తప్పదు. ఎన్నిసార్లు చెప్పినా లేచి నిలబడి, చేతులూపుతూ చెప్తున్నానని మావారు విసుక్కుంటున్నారు. అందుకని ఈసారి కూర్చుని రాస్తున్నాను.

అప్పుడు నా పోస్టింగు కలిదిండి వైపు, చేపల చెరువుల మధ్యనున్న ఒక పశువుల ఆసుపత్రిలో. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. గేదెలు, మేకలు, కోళ్ళు వచ్చేవి కానీ కుక్కలు రావడం అరుదు. ప్రతి చెరువు గట్టు మీదా కాపలా కుక్క ఉంటుంది, దాన్ని డాక్టరు దగ్గరకు తీసుకురావాలని మాత్రం ఎవరికీ తోచదు.

ఆసుపత్రిలో నాతో పాటు ఒక కాంపౌండర్ గారు ఉండేవారు. నాకు ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. ఆయనకు ఓపిక తప్ప ఇంకేమీ లేదు. నేను మెట్లు రెండేసి చొప్పున దిగుతుంటే వెనక నుంచి "నిదానమండి మేడం గారండి" అనేవారు. గేదె ఈనుతున్నా అదే మాట, పెంకుటింట్లో పాము దూరినా అదే మాట. ఆయనకు ఒక నియమం ఉండేది. ఏ జీవికైనా ఆఖరి ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే, సిరంజి తయారుచేసి, దూది పక్కన పెట్టి, టీ తాగొస్తానని బయటకు వెళ్ళిపోయేవారు. పని అయ్యాకే తిరిగి వచ్చేవారు. నేనెప్పుడూ ఏమీ అనలేదు, మనిషన్నాక ఎక్కడో ఒకచోట గీత గీసుకోవాలి కదా.

ఇక మేస్త్రి సంగతి. మనుషుల పేర్లు రాయను కానీ కుక్క పేరు రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మేస్త్రి నల్లటి నాటు కుక్క, గుండె మీద తెల్ల మచ్చ. ఒక చెరువు రైతు దాన్ని చిన్న వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన భార్య వెనక, తవుడు బస్తాల మీద కూర్చుని వచ్చింది. ఆ ఏర్పాటు చూసినప్పుడే ఆ ఇంట్లో ఎవరి హోదా ఏమిటో నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైనట్టే ఉంది, దిగుతూ తవుడు దులుపుకుని నవ్వింది.

కుక్క ముందు కాలు ఎత్తి పట్టుకుని నడుస్తోంది. మణికట్టు పైన వాపు, గట్టిగా ఉంది, ముట్టుకుంటే మూలిగింది. నాకు ఆ గట్టిదనం నచ్చలేదు. ఏలూరులో ఎక్స్‌రే తీయించుకురమ్మన్నాను. మర్నాడే తీయించుకొచ్చారు, కాలికీ, ఛాతీకీ. కాలి ఎముక చెద తిన్న దూలంలా ఉంది. ఊపిరితిత్తుల్లో అప్పటికే మచ్చలు కనిపిస్తున్నాయి. ఎముక కేన్సరు. కాలు తీసేసినా లాభం లేని దశ.

ఆ మాట చెప్పడానికి నాకో పద్ధతి ఉంది, మీరూ నేర్చుకోండి: చుట్టూ తిప్పకూడదు. తగ్గదు అని ముందు చెప్పి, ఆ తరవాత వివరాలు చెప్పాలి. వివరాలు ముందు చెప్తే, ఆఖరి మాట వచ్చేలోపు వాళ్ళు ఆశ కట్టేసుకుంటారు. నేను చెప్పగానే, అప్పటిదాకా వసపిట్టలా మాట్లాడుతున్న రైతు వంగి కుక్క చెవి నిమరడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కటే అడిగింది, వాడికి నొప్పి ఎంతుంటుందండి అని. చాలా ఉంటుందమ్మా, రోజురోజుకూ పెరుగుతుంది, ఎముక ఏదో ఒక రోజు విరుగుతుంది కూడా, ఆ రోజు రాకముందే నిద్రపుచ్చి పంపించెయ్యడం మంచిది అన్నాను.

రైతు చెవి నిమురుతూనే అన్నాడు.

"పట్టుబడి దగ్గరకొచ్చిందండి. వచ్చే వారంలోనే. పట్టుబడంటే వాడికి పండగండి. అది చూశాక పంపిద్దామండి డాక్టరు గారు."

చెరువు పట్టుబడి చూడని వాళ్ళకు ఇది అర్థం కాదు. నెలల తరబడి మేత వేసి పెంచిన చేపనంతా ఒక్క రోజున వలలతో పట్టి, తూచి, ఐసు కొట్టి, లారీకి ఎక్కిస్తారు. తెల్లవారేసరికే గట్టంతా తిరనాళ్ళలా ఉంటుంది. ఆ చెరువు మీద ఈ కుక్కకు ఒక ఉద్యోగం ఉంది. వల లాగే ముఠా ఛాతీ లోతు నీళ్ళలో నడుస్తుంటే, ఇది గట్టు మీద వాళ్ళకు సమానంగా నడుస్తూ, వల మీదకు వాలే గూడబాతుల్ని మొరిగి తరిమేది. గూడబాతు అంటే అంతెత్తు పక్షి, ముక్కు కింద సంచి ఉంటుంది, చేపను చూస్తే మనిషిని కూడా లెక్కచెయ్యదు. ఈ కుక్కను మాత్రం లెక్కచేసేది. అందుకే ముఠా వాళ్ళు దానికి మేస్త్రి అని పేరు పెట్టారు. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టి, మొదటి వల లాగి, అందులో మొదటి చేపను మేస్త్రికి వేస్తేనే తక్కిన పని మొదలయ్యేది. చివర్న లారీ కదిలితే, దాని వెంట రోడ్డు మీది తూము దాకా పరుగెత్తి, సాగనంపి వచ్చేది.

ఇదంతా వినేసరికి నేను కూడా ఊగిపోయాను. భలే ఆలోచనండి, అలాగే చేద్దాం అన్నాను. నొప్పి తగ్గే మాత్రలు రాసిచ్చాను. వాళ్ళు వెళ్ళాక కాంపౌండర్ గారు గొంతు సవరించుకుని, చావుకు ముహూర్తం చేపల రేటుతో ముడిపెట్టారేంటండి మేడం గారండి అన్నారు. శుభం పలకరా అంటే ఈయనొకరు అనుకుని కొట్టిపారేశాను.

వారం గడిచింది. రైతుకు ఫోన్ చేస్తే రేటు పడిపోయిందండి, ఆగమంటున్నారండి అన్నాడు. సరే అన్నాను. మళ్ళీ చేస్తే లారీ దొరకలేదన్నాడు. ఇంకోసారి ఐసు ఫ్యాక్టరీలో కరెంటు లేదన్నాడు, ఆ తరవాత ముఠాలో ఎవరిదో పెళ్ళన్నాడు. మాత్రలు పెంచాను. కుక్క తింటోందా అంటే తింటోందండి అనేవాడు. లేస్తోందా అంటే మాట మార్చేవాడు. నాకు చిరాకు మొదలైంది. జన్మలో మొదటిసారి నేను పొద్దున్నే పేపర్లో చేపల ధర వెతకడం మొదలుపెట్టాను. శీలావతి ఎంత, కట్ల ఎంత అని నేను పైకి చదువుతుంటే, రిటైరయ్యాక వ్యాపారం పెడతారాండి అని కాంపౌండర్ గారు నవ్వకుండా అడిగారు.

ఒక రోజు వరండాలో నిలబడి ఉంటే ఆసుపత్రి ముందు నుంచి చేపల లారీ వెళ్ళింది. దాని వెనకే ఇంకోటి. మధ్యాహ్నం లోపల ఎన్ని వెళ్ళాయో, రోడ్డంతా ఐసు నీళ్ళతో తడిసిపోయింది. పేపర్లో రేటు కూడా బ్రహ్మాండంగా ఉంది. చుట్టుపక్కల ప్రతి చెరువూ ఖాళీ అవుతోంది. ఆ ఒక్క చెరువుకే లారీ దొరకడం లేదా? అప్పుడు వెలిగింది నాకు. ట్యూబులైటునే అనుకోండి.

ఆ సాయంత్రమే రైతు భార్య ఒక్కతే స్కూటీ మీద వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చెరువు ఎప్పుడో పట్టాల్సిందండి. చేప ఎదిగిపోయింది, మబ్బు పట్టిందంటే గాలాడక మొత్తం చచ్చి తేలిపోద్దండి. పక్క చెరువు వాళ్ళు వచ్చి చెప్పినా వినడం లేదు. రోజూ మేత వేస్తూనే ఉన్నారు. ఎందుకో నాతో అనలేదండి, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు." కొంగుతో మొహం తుడుచుకుంది. "వాడు రెండు రోజుల్నించీ అన్నం దగ్గరకు కూడా జరిగి వస్తున్నాడండి. నేను చెప్తే ఆయన ఏడుస్తారు. మీరు చెప్తే వింటారు."

నేనప్పటికే కుర్చీలోంచి లేచిపోయాను. ఆలస్యం అమృతం విషం అంటారు కదా, ఇక్కడ అక్షరాలా అదే జరుగుతోంది. కాంపౌండర్ గారి బండి మీద బయల్దేరాం. ఆ రోజు ఆయన నిదానం అనలేదు.

చెరువు గట్టు మీద కాపలా ఉండే గుడిసెను ఆ వైపు మకాం అంటారు. మకాం ముందు నులక మంచం, మంచం కింద మేస్త్రి. మా బండి చప్పుడుకు తోక నేల మీద కొట్టుకుంది, లేవబోయి మళ్ళీ పడుకుంది. కాలి వాపు రెట్టింపు అయింది. రైతు మమ్మల్ని చూసి, రేటు గురించి ఏదో మొదలుపెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఎంతకీ అదే పాట.

"రేటు నేనూ చూస్తున్నానండి," అన్నాను. "ఇవాళ నా ఆసుపత్రి ముందు నుంచి వెళ్ళిన లారీలు ఊరికే షికారుకు వెళ్ళలేదు కదా."

ఆయన చెరువు వైపు తిరిగాడు. సాయంత్రపు ఎండలో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి, చేప అంత నిండుగా ఉంది లోపల.

"చెరువు పడితే వాడు పోతాడండి," అన్నాడు. "పట్టకపోతే ఉంటాడు కదా అనుకున్నానండి. అంతేనండి. పిచ్చోడిననుకోండి."

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. బంగారం లాంటి చేపను, సంవత్సరం కష్టాన్ని, మబ్బుకూ ఎండకూ వదిలేసి, ఒక కుక్క కోసం చెరువుని ఆపుకున్న మనిషి. లోకంలో ఇంత పిచ్చి ప్రేమ ఉందా అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. కానీ చెప్పాల్సింది చెప్పాలి.

"పట్టుబడి చూపించి పంపిస్తానని వాడికి మాటిచ్చింది మీరేనండి. ఇంకొన్నాళ్ళు ఆగితే మీ చెరువూ ఉంటుంది, ముఠా కూడా వస్తుంది. లేచి చూడ్డానికి వాడే ఉండడు. పండగ పోతుంది, నొప్పి మిగులుతుంది."

ఆయన మంచం కిందకు వంగి చూశాడు. మేస్త్రి ఆయన వేలు నాకింది. ఆయన అక్కడే, మా ముందే, ముఠా నాయకుడికి ఫోన్ చేసి ఎల్లుండి తెల్లవారేసరికి రమ్మన్నాడు. ఫోన్ పెట్టేశాక మంచం మీద కూలబడిపోయాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. అంతకు ముందు వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు.

ఇక ఆ ఎల్లుండి! రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగడం లేదు.

నేనూ కాంపౌండర్ గారూ వెళ్ళేసరికి తూర్పు ఎర్రబడుతోంది. గట్టు మీద లారీ, ఐసు దిమ్మలు, ట్రేల దొంతరలు, కాటా, ముఠా వాళ్ళ గోల. ఆకాశంలో అప్పుడే గూడబాతులు చక్కర్లు కొడుతున్నాయి. మేస్త్రికి నొప్పి తగ్గే గట్టి ఇంజెక్షన్ ఒకటి ఇచ్చాను. కాసేపటికి దాని కళ్ళు మారాయి. చెవులు లేచాయి. వల చప్పుడు విని లేచి నిలబడి, మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ గట్టు వైపు బయల్దేరింది! పట్టుకోండి, పట్టుకోండి అని నేను వెంటపడ్డాను. నొప్పి తెలియకపోయినా లోపల ఎముక అదే ఎముక, పరుగెడితే పుటుక్కుమంటుంది. కాంపౌండర్ గారు వెదురు బద్దలు చీల్చి, దూది చుట్టి, కాలికి కట్టు కట్టారు. అయినా గట్టు మీద నడిపించడానికి నాకు ధైర్యం చాలలేదు. నడవకుండా పట్టుబడి చూపించడం ఎలా?

రైతు భార్య చెప్పింది ఉపాయం. మేత వేసే పడవ ఉంది కదండీ అంది.

ఆ పడవలో మేస్త్రిని ముందు కూర్చోబెట్టారు. దాన్ని పట్టుకోవడానికి రైతు ఎక్కాడు. డాక్టరు దగ్గర ఉండాలని నేనెక్కాను. నీళ్ళంటే చచ్చేంత భయమున్న కాంపౌండర్ గారిని, మందుల పెట్టె ఎవరు పట్టుకుంటారండి అని నేనే ఎక్కించాను. ఆయన రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, పెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, గంగమ్మ తల్లిని తలుచుకోవడం మొదలుపెట్టారు. ఆమె గట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. వల దిగింది.

ముఠా వాళ్ళు అటూ ఇటూ వరసగా వల లాగుతుంటే మా పడవ వాళ్ళ వెనకే సాగింది. మొదట నీళ్ళు మామూలుగానే ఉన్నాయి. చెరువు సగానికి వచ్చేసరికి లోపల చేప కదలడం మొదలైంది. వల బిగుసుకునే కొద్దీ నీళ్ళు మసిలినట్టయ్యాయి. ఒక్క చేప ఎగిరింది, ఇంకోటి ఎగిరింది, ఇక అంతా ఎగరడమే! వెండి రంగు చేపలు మనిషెత్తున లేచి పడుతున్నాయి. నా మొహం, చీర, కళ్ళజోడు అన్నీ తడిసిపోయాయి. సరిగ్గా అప్పుడు ఒక గూడబాతు రెక్కలు చాపి వల మీదకు దిగింది. మేస్త్రి ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపు ఆ ఒంట్లో ఎక్కడ దాచుకుందో! పక్షి గాల్లోనే మెలిక తిరిగి వెనక్కి పోయింది. నీళ్ళలోంచి ముఠా వాళ్ళందరూ ఒక్కసారిగా ఈలలు వేశారు. నేను కూడా వేశాను, చిన్నప్పుడు మా అన్నయ్య దగ్గర నేర్చుకున్న ఈల. కాంపౌండర్ గారు నన్ను చూసిన చూపు చెప్పలేను.

అంతలో ఒక శీలావతి ఎగిరి తిన్నగా వచ్చి మా పడవలో పడింది. కాంపౌండర్ గారి ఒళ్ళో పడి, అక్కణ్ణించి జారి మేస్త్రి ముందు పడింది. మేస్త్రి బాగున్న కాలిని దాని మీద వేసి తొక్కిపట్టి, తలెత్తి చుట్టూ చూసింది. ఆ రోజు మొదటి చేప దానికి ఎవరూ వెయ్యనక్కర్లేకపోయింది. రైతు పడవలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

మీకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. పడవ గట్టుకు చేరాక ఆయన నా దగ్గరకు వచ్చి, "చూశారాండి వాణ్ణి, ఇంక వద్దండి, బాగానే ఉన్నాడు" అన్నాడు. ఏం దాస్తాను, నాకు కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఎక్స్‌రే నా సంచిలోనే ఉంది. అయినా తోక ఊపుతున్న కుక్కను చూస్తుంటే ఎక్స్‌రే అబద్ధం చెప్పిందేమో అనిపిస్తుంది. నొప్పి మందు పనిచేస్తున్నప్పుడు వచ్చే ఈ ఆశ మహా మాయ. దీన్ని ఎదుర్కోవడం మీకు ఏ కాలేజీలోనూ నేర్పరు. సాయంత్రానికి మందు దిగిపోతుందని మాత్రం గుర్తుచేశాను. లారీ వెళ్ళేదాకా ఆగుదాం, అప్పుడు మీరే చెప్పండి అన్నాను.

మధ్యాహ్నానికి తూకం అయిపోయింది. ముఠా వాళ్ళు గట్టు మీదే పులుసు వండారు. మేస్త్రి తన చేపను ముల్లు తీయించుకుని మరీ తింది. అలసిపోయి రైతు కాళ్ళ దగ్గర పడుకుంది. లారీ డ్రైవరు ఎక్కి, ఎప్పటిలాగే హారన్ కొట్టాడు. అది మేస్త్రికి పిలుపు. ఏటేటా ఆ హారన్ వినగానే తూము దాకా పరుగెత్తిన కుక్క. గట్టు మీద అందరం దాని వైపే చూశాం. మేస్త్రి చెవులెత్తింది. లారీ వైపు చూసింది. లారీ కదిలింది. అది లేవలేదు. లారీ తూము దాటే దాకా కళ్ళతోనే సాగనంపి, తల తిప్పి, రైతు పాదం మీద గడ్డం ఆనించింది.

ఆయన చాలాసేపు ఆ పాదం కదపలేదు.

"పని అయిపోయిందంటున్నాడండి," అన్నాడు. "రండి డాక్టరు గారు. మందు దిగక ముందే రండి."

ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తాం, అది నిద్రలోకి జారాక నరంలోకి రెండోది. అంతకన్నా వివరం మీకు తెలుసు, తెలియని వారికి అక్కర్లేదు. కాంపౌండర్ గారు సిరంజి తయారుచేశారు, దూది పక్కన పెట్టారు. అలవాటు ప్రకారం టీ కోసం అటూ ఇటూ చూశారు. వంట చేసేవాడు గ్లాసు అందించాడు కూడా. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, తాగకుండానే కింద పెట్టి, వచ్చి మేస్త్రి పక్కన గొంతుక్కూర్చున్నారు. కాలు పట్టుకుని, బొటనవేలితో నరం పైకి తెచ్చి, "దొరికిందండి, నిదానంగా ఇవ్వండి మేడం గారండి" అన్నారు. అన్ని సంవత్సరాల్లో ఆఖరి ఇంజెక్షన్ దగ్గర ఆయన నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

రైతు భార్య దాని చెవి నిమురుతూ ఉంది. రైతు దాని మొహం దగ్గర మొహం పెట్టి, చెరువు ఎండగట్టి మళ్ళీ చేపపిల్ల వదులుతామని, ఈసారి కట్ల ఎక్కువ వేద్దామని, ఇంటి మాటలే చెప్తూ ఉన్నాడు. దాని మూతికి ఇంకా చేప వాసన ఉంది. ఆయన చెప్తుండగానే అయిపోయింది. అయిపోయిందండి అని నేను చెప్పాక కూడా ఆయన ఆ వాక్యం పూర్తిచేశాడు.

మకాం పక్కనే, నీళ్ళ వైపు, లోతుగా గొయ్యి తీసి ఉప్పు వేసి పూడ్చారు. పట్టుబడి రోజున గట్టు మీదకు వచ్చినవాళ్ళను ఒట్టి చేతులతో పంపరు, కూరకు చేప ఇచ్చి పంపుతారు. మాకూ ఇచ్చారు. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోని నేను ఆ రోజు తీసుకున్నాను. వద్దంటే మేమేదో తప్పు చేసినట్టు అయ్యేది.

తరవాత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంజెక్షన్‌తో మన పని అయిపోదు. రైతు నాకు ఫోన్లు చేసేవాడు. మందు మాత్రలతోనే ఇంకొన్నాళ్ళు బతికేవాడేమోనండి, తప్పు చేశామాండి అని. చేయలేదండి అని చెప్పేదాన్ని. నాలుగు రోజులాగి మళ్ళీ అదే ప్రశ్న. ఒకసారి విసుక్కున్నాను కూడా. అప్పుడు ఆమె ఫోన్ అందుకుని, ఆయన అడిగేది జవాబు కోసం కాదండి, వాడి పేరు ఎత్తడానికి మీరు తప్ప ఇంకెవరున్నారండి అంది. అప్పట్నుంచి ఎన్నిసార్లు అడిగినా మొదటిసారి విన్నట్టే విన్నాను. మీరు కూడా ఫోన్ ఎత్తండి.

మరుసటి పట్టుబడికి పిలిచారు. నేనూ కాంపౌండర్ గారూ వెళ్ళాం. అదే గోల, అదే సందడి, పడవలో మాత్రం ఎవరూ లేరు. కొత్త కుక్కను ఇంకా తేలేదు, మనసొప్పడం లేదని ఆమె నా చెవిలో చెప్పింది. కొబ్బరికాయ కొట్టారు. మొదటి వల లాగారు. మొదటి చేప చేతిలో పట్టుకుని ముఠా నాయకుడు ఎవరి వైపు చూడాలో తెలియక ఆగిపోయాడు. రైతు దాన్ని అందుకుని, వెళ్ళి, మకాం పక్కన మట్టి దిబ్బ మీద పెట్టాడు. అందరం తలలు వంచుకుని నిలబడ్డాం. ఆ చేపకు ఇంకా ప్రాణం ఉంది. టపటపా కొట్టుకుని, దిబ్బ మీద నుంచి జారి, నీళ్ళ అంచున పడింది. పడీ పడగానే ఒక గూడబాతు తాపీగా వచ్చి, ముక్కు తెరిచి, మేస్త్రి వాటాను సంచిలో వేసుకుంది.

అందరం రైతు వైపు తిరిగాం.

రైతు దాన్ని చూశాడు. పై మీది తువ్వాలు తీసి పారేశాడు. చెప్పులు వదిలేసి, పంచె ఎగ్గట్టి, గట్టు మీద దాని వెంటపడ్డాడు, గొంతెత్తి మొరుగుతూ. నిజంగానే మొరిగాడు, అచ్చం మేస్త్రి మొరిగినట్టే. నీళ్ళలో ముఠా వాళ్ళు ఒక్క క్షణం బిత్తరపోయి, తరవాత వాళ్ళూ అందుకున్నారు. ఆమె నవ్వుతూ, ఏడుస్తూ, కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ప్రభుత్వ ఉద్యోగిని, రేపో మాపో రిటైరయ్యేదాన్ని, నేనూ మొరిగాను. నా పక్కన ఎవరో సన్నగా, మర్యాదగా మొరుగుతున్నారు. తిరిగి చూస్తే కాంపౌండర్ గారు.

ఆ రోజు ఆ చెరువు మీద మళ్ళీ ఒక్క గూడబాతు వాలలేదు.